పెట్రోలు బండి నుండి కరెంటు బండికి: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ఊరి బావులకు నీరు తోడుటలో వచ్చిన మార్పులు మన పెద్దలకు బాగుగా తెలియును. తొలుత కపిల యుండెడిది. రెండెద్దులు, ఒక పాలేరు తెల్లవారినది మొదలు పొద్దెక్కు వరకు పాటుపడినను చెలకలో కొంతభాగమే తడిసెడిది. పిమ్మట ఆయిలింజను వచ్చినది. పని త్వరితమైనది, కాని నూనె కొనవలెను, నూనె డబ్బా పట్టణమునుండి మోసుకొని రావలెను, చలి యుదయమున ఇంజనును త్రిప్పి త్రిప్పి ప్రారంభింపవలెను. ఆ తరువాత ఊరికి కరెంటు తీగ వచ్చినది. ఆయిలింజను మూలబడినది. దానిని నిషేధించినవారెవరును లేరు. మీట నొక్కినంతనే మోటారు నీరు పోసినది గనుక రైతు తానే దానిని కోరి తెచ్చుకొనెను.

ఆ మార్పులో మరియొక పాఠము కూడ కలదు. ఎర్తు సరిగా లేని స్టార్టరు పెట్టెలు తడిచేతితో తాకిన రైతుల ప్రాణములను తీసినవి. మోయలేని భారము పడి ట్రాన్స్‌ఫార్మర్లు పంట పొట్టమీద నున్నపుడు కాలిపోయినవి. అనగా, మోటారు మంచిదే. దానికి కరెంటు నందించు ఏర్పాటు మంచిది కాకున్న అది ముప్పు తెచ్చినది.

ఇప్పుడు అదే మార్పు బావిగట్టు విడిచి బాటమీదికి వచ్చుచున్నది. కరెంటు స్కూటరు, కరెంటు ఆటో, కరెంటు కారు మన గ్రామములలో కనబడుచున్నవి. వాటిని కొనవచ్చునా, కొనిన లాభమా, ఇంటివద్ద చార్జింగు పెట్టుట క్షేమమా యని గ్రామస్థులు తమ వార్డు సభ్యులనే అడుగుచున్నారు. ఒక సమావేశమున ఒక సభ్యురాలు మమ్ము ఇట్లడిగినది: “అయ్యా, మా మరిది అప్పు తీసి కరెంటు కారు కొని బాడుగకు నడుపుదునని కూర్చున్నాడు. వద్దందునా, కానిమ్మందునా?” ఈ పాఠము ఆమెకు మేము చెప్పిన సమాధానమే. సభ్యులందరికి ఉపయోగపడునని విస్తరించి వ్రాయుచున్నాము.

బండిలో నున్నదేమి?

పెట్రోలు బండిలో నూనె మండును. ఆ మంట ఒత్తిడి ముషలమును నెట్టును. ఆ నెట్టుడు అనేక ఇరుసులు, పండ్లచక్రముల గుండ సాగి చక్రమును త్రిప్పును. ఈ దారిలో నూనెయందలి శక్తిలో అధికభాగము వేడిగా వ్యర్థమగును. చక్రమును చేరునది సుమారు నాలుగవ వంతు మాత్రమే. కరెంటు బండిలో బ్యాటరీ, మోటారు, ఆ రెంటి నడుమ కరెంటును అదుపుచేయు యంత్రము ఉండును. బ్యాటరీనుండి వెలువడిన శక్తిలో మూడు వంతులకు మించి చక్రమును చేరును. బండిని నిదానింపజేయునపుడు మోటారే తిరుగుబడి కరెంటును పుట్టించి కొంత శక్తిని మరల బ్యాటరీకి పంపును.

బ్యాటరీ పరిమాణమును మన కరెంటు బిల్లులోని యూనిట్లలోనే చెప్పుదురు. చిన్న కారులో 17 మొదలు 24 యూనిట్ల వరకు పట్టు బ్యాటరీ యుండును. పెద్ద కార్లలో ఇంకను అధికము. చిన్న కారు ఒక యూనిటుతో సుమారు 7 కిలోమీటర్లు నడచునని లెక్కింపవచ్చును. కాబట్టి 24 యూనిట్ల బ్యాటరీ నిండుగా నున్నపుడు 160 కిలోమీటర్లు పోవుట సహజము. అమ్మకపు పత్రికలలో ఇంతకంటె పెద్ద సంఖ్యలు కనబడును. అవి పరీక్షాశాలలో, నియమితవేగముతో కొలిచినవి. నలుగురిని ఎక్కించుకొని, మే నెల ఎండలో చల్లగాలి యంత్రము నడుపుచు, గుంతలబాటపై పోవు బండికి ఆ సంఖ్యను ఆశించి మోసపోరాదు.

ఈ బండి క్రొత్తదా?

కరెంటు బండి నిన్నటిది కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమును మొట్టమొదట దాటిన కారు కరెంటుదే. 1899లో బెల్జియము దేశస్థుడు జెనాట్జీ దానిని నడిపెను. కాని నాటి సీసపు బ్యాటరీలు బరువైనవి, దూరము పోలేనివి. 1912లో పెట్రోలు కారుకు మీటతో ప్రారంభమగు యంత్రమును అమర్చిరి. చేతితో త్రిప్పు బాధ తప్పినది, పెట్రోలు చౌకయైనది, కరెంటు కారు వెనుకబడినది.

దానిని తిరిగి లేపినది లిథియం బ్యాటరీ. ఇది 1991లో విపణికి వచ్చినది. దానికి మూలమైన పరిశోధనలకై ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 2001లో బెంగళూరునుండి ‘రేవా’ యను చిన్న కరెంటు కారు వెలువడినది. దానిలో నున్నది సీసపు బ్యాటరీయే. నేటి బండ్లు లిథియం బ్యాటరీలతో నడచుచున్నవి.

పెట్రోలునుండి మరలుటలో అన్నిటికంటె ముందున్న దేశము నార్వే. అచట 2024లో క్రొత్తగా అమ్ముడైన ప్రతి 100 కార్లలో దాదాపు 89 కరెంటు కార్లు. ఆ యేడు సెప్టెంబరులో ఆ దేశపు బాటలపై కరెంటు కార్ల సంఖ్య పెట్రోలు కార్ల సంఖ్యను తొలిసారి మించినది. ఇది ఒక్కనాడు జరుగలేదు. 1990లో కొనుగోలు పన్ను మినహాయించిరి. 1997లో బాటసుంకము, 2001లో అమ్మకపు పన్ను మినహాయించిరి. 2005లో బస్సులకై ప్రత్యేకించిన బాటలో పోనిచ్చిరి. బండ్లు పెరిగిన పిదప ఈ సదుపాయములను కొంత కొంత తగ్గించుచు వచ్చిరి. అచటి కరెంటులో అత్యధికభాగము జలవిద్యుత్తు. నార్వే ధనిక దేశము, జనాభా అరువది లక్షలైనను లేదు. దానితో మనము పోటీపడనక్కరలేదు. గ్రహింపవలసినదొక్కటే: అచటి గృహస్థు తన ఇంటివద్దనే రాత్రి చార్జింగు పెట్టుకొని ఉదయమున బయలుదేరగలిగెను గనుక ఆ మార్పు నిలిచినది.

మన దేశమున మార్పు వేరుదారిని వచ్చుచున్నది. అమ్ముడగు కార్లలో 2024 నాటికి నూటికి రెండు మూడు మాత్రమే కరెంటువి. కాని మూడు చక్రముల బండ్లలో సగమునకు పైగా కరెంటువే. కారణము స్పష్టము. దినమంతయు తిరుగు బండికే ఆదా యెక్కువ. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని పురపాలక సంఘములకు చెత్త సేకరణకై 516 కరెంటు ఆటోలు అందినవి. దినమునకు ఇంత దూరమని నిర్ణయమై, రాత్రి ఒకేచోట నిలుచు బండికి కరెంటు చక్కగా సరిపోవును.

లెక్క వేసి చూతము

బండి కొనుట మొగమాటపు పని కాదు, లెక్కల పని. ధరలు ఊరికొక తీరుగ, కాలమునకొక తీరుగ మారును. ఇచట ఉదాహరణకై కొన్ని సంఖ్యలు తీసికొందము. మీ ఊరి ధరలు వేసికొని ఈ లెక్కనే మరల చేయవచ్చును.

పెట్రోలు లీటరు 108 రూపాయలు. కారు లీటరుకు 16 కిలోమీటర్లు నడచును. కరెంటు యూనిటు 8 రూపాయలు. చార్జింగులో కలుగు నష్టముతో కలిపి 60 కిలోమీటర్లకు 10 యూనిట్లు ఖర్చగును. కరెంటు కారు వెల పెట్రోలు కారు కంటె 2,50,000 రూపాయలు అధికము.

మొదటి కుటుంబము: బాడుగకు త్రిప్పువారు. నెలకు 25 దినములు, దినమునకు 60 కిలోమీటర్లు, అనగా నెలకు 1,500 కిలోమీటర్లు. పెట్రోలుకు 10,125 రూపాయలు కావలెను. కరెంటు 250 యూనిట్లకు 2,000 రూపాయలు చాలును. నెలకు 8,125 రూపాయలు మిగులును. అధికముగ పెట్టిన 2,50,000 రూపాయలు 31 నెలలలో, అనగా రెండున్నర సంవత్సరములకు కొంచెము మించి, తిరిగి వచ్చును.

రెండవ కుటుంబము: పెండ్లికి, ఆసుపత్రికి, సంతకు మాత్రము కారు తీయువారు. నెలకు 300 కిలోమీటర్లు. పెట్రోలుకు 2,025, కరెంటుకు 400. మిగులునది 1,625 రూపాయలు. అధికముగ పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు దాదాపు 13 సంవత్సరములు పట్టును. అంతలో బ్యాటరీ ముసలిదగును. ఈ కుటుంబమునకు కరెంటు కారు ఇతర కారణములచే ఇష్టమైన కావచ్చును గాని, ఆదాకై అని చెప్పిన అది నిజము కాదు.

మూడవది: బాడుగకు త్రిప్పువారే, కాని ఇంటివద్ద చార్జింగు వీలులేక బయటి స్టేషనులో యూనిటు 20 రూపాయలకు నింపుకొనువారు. కరెంటుకే 5,000 అగును, మిగులునది 5,125. అసలు రాబట్టుటకు నాలుగు సంవత్సరములు దాటును. అదే బండి, అదే దూరము. ఇంటి మీటరు ఉన్నవానికి రెండున్నర ఏండ్లు, లేనివానికి నాలుగు ఏండ్లు. లాభము బండిలో లేదు, మీటరులో ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

ఈ లెక్కకు మూడు సవరణలు చేయవలెను. ఒకటి: ఇంటి మీటరుపై నెలకు 250 యూనిట్లు చేరిన మొత్తము వాడుక పై శ్లాబులోనికి పోయి యూనిటు ధర పెరుగును. రెండు రాష్ట్రములలోను వాహనముల చార్జింగుకై వేరు తరగతి టారిఫు కలదు. అధికముగ త్రిప్పువారు వేరు మీటరు తీసికొనుట మేలా యని విద్యుత్ కార్యాలయములో అడుగవలెను. రెండు: అప్పుపై కొన్నచో అధికపు వెలకు వడ్డీ కూడ లెక్కింపవలెను. మూడు: కరెంటు బండిపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1 నుండి నూటికి 5. చిన్న పెట్రోలు కార్లపై 28గా నున్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18కి తగ్గినది. అందుచే వెలల వ్యత్యాసము పూర్వమువలె లేదు.

ప్రభుత్వపు రాయితీలు కాలపరిమితి గలవి. 2024 అక్టోబరులో ఆరంభమైన కేంద్ర పథకమున ద్విచక్ర, త్రిచక్ర వాహనములకు రాయితీ ఏర్పరచిరి; సొంత కార్లకు లేదు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించిరి. కొనువారు కొనునాటి నియమమును రవాణా కార్యాలయములోనే విచారించి రూఢి చేసికొనవలెను. అమ్మువాని మాటపై ఆధారపడరాదు. బాడుగ బండ్లవారికి మరియొక సౌకర్యము: బ్యాటరీతో నడచు బండ్లకు పర్మిటు అక్కరలేదని కేంద్రము 2018 అక్టోబరులో ఉత్తరువు చేసినది.

ఇంటివద్ద చార్జింగు

చార్జింగు పెట్టుకొనుటకు ప్రత్యేకపు లైసెన్సు అక్కరలేదు. ఇంటికి ఇప్పుడున్న సర్వీసునుండియే తన బండికి చార్జింగు పెట్టుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 మార్గదర్శకములలో స్పష్టపరచినది. అయితే మీటరు ఉన్నంత మాత్రమున ఇల్లు సిద్ధమైనట్లు కాదు.

కారుకు ఇచ్చు సాధారణ చార్జరు 3 కిలోవాట్లు లాగును. అది గంటల తరబడి ఎడతెగక లాగును. ఇస్త్రీ పెట్టె పది నిమిషములు, బోరు మోటారు గంట నడచి ఆగును. కారు ఎనిమిది తొమ్మిది గంటలు ఆగదు. పాతబడిన సన్నని తీగ, వదులైన ప్లగ్గు ఇంతసేపు ఆ భారమును మోయలేవు, వేడెక్కి కరగును. కనుక మొదట మంజూరైన లోడు ఎంతయో బిల్లులో చూడవలెను. అది చాలకున్న అధికలోడుకు దరఖాస్తు చేయవలెను. మీటరునుండి చార్జింగు స్థలమునకు వేరుగ, లావైన తీగను లాగించవలెను. దానికి తగిన ఎం.సి.బి.ని, కరెంటు భూమిలోనికి కారినంతనే తనంత తానే ఆపివేయు స్విచ్చును అమర్పవలెను. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జింగు పెట్టుట ఎన్నటికిని తగదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు. మన గ్రామములలో ఎన్నో ఇండ్లకు ఎర్తు పేరునకు మాత్రమే యుండును. గుంత త్రవ్వి, పైపు దింపి, ఉప్పు, బొగ్గు వేసి, నీరు పోయుచుండవలెనని వృద్ధ ఎలక్ట్రీషియను చెప్పు మాట నేటికిని వేదవాక్కే. ఎర్తు సరిగా లేనిచో అనేక చార్జర్లు పనిచేయుటకే నిరాకరించును. అది చార్జరు లోపము కాదు. మన ప్రాణములకు అది చేయు ఉపకారము. కొందరు దానిని మోసగించుటకు న్యూట్రల్ తీగను ఎర్తుకు కలుపుదురు. వాన కురిసిన రాత్రి న్యూట్రల్ తెగిన, బండి ఒడలంతయు కరెంటు ప్రాకును. బాలురు దానిని తాకకయుండరు.

వ్యవసాయపు కనెక్షను విషయమున సభ్యులు ప్రత్యేకముగ హెచ్చరింపవలెను. తోటలో ఇల్లు కట్టుకొన్నవారు బోరు స్టార్టరునుండి తీగ తీసి బండికి చార్జింగు పెట్టుట మా కంటబడినది. “ఉచితమే కదా” యనిరి. అది పైరుకు ఉచితము, కారుకు కాదు. ఒక పనికై ఇచ్చిన కరెంటును వేరొక పనికి వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. సంబంధిత టారిఫుకు రెట్టింపు వసూలుచేయుదురు. వీధిదీపపు తీగకు కొక్కెము తగిలించుట 135వ సెక్షను క్రింద దొంగతనము. మూడేండ్ల వరకు జైలు, లేక జరిమానా, లేక రెండును పడవచ్చును. వీధిదీపముల బిల్లు పంచాయతీదే గనుక ఆ దొంగతనము ఊరందరి సొమ్మును హరించుటయే.

ప్రాణముల మాట

2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాదులోను ఇంటిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి, రెండు కుటుంబములలో మరణములు సంభవించినవి. వారు పెట్టినది తాము నిద్రించు, కూర్చుండు గదులలోనే. ఆ యేటి ప్రమాదముల పిదప కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల పరీక్షానియమములను కఠినతరము చేసినది. అవి 2022 డిసెంబరు 1 నుండి ఒక విడత, 2023 మార్చి 31 నుండి మరియొక విడతగ అమలునకు వచ్చినవి.

నియమము వచ్చినది గదా యని జాగ్రత్త విడువరాదు. విడదీయగల బ్యాటరీని పడకగదిలోనికి, వంటయింటిలోనికి, ఇంటినుండి వెలుపలికి పోవు ద్వారము నడుమకు తేరాదు. గాలి యాడు వసారాలో, గడ్డివాముకు, గ్యాసు సిలిండరుకు దూరముగ చార్జింగు పెట్టవలెను. ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని వెంటనే కాక, చల్లారిన పిమ్మట చార్జింగునకు పెట్టవలెను. బండితో ఇచ్చిన చార్జరునే వాడవలెను; సంతలో చౌకగ దొరకునది వాడరాదు. ఉబ్బిన, పగిలిన, నీట మునిగిన బ్యాటరీని తాకక కంపెనీవారిని పిలువవలెను. మంట లేచినచో ముందు మనుష్యులు వెలుపలికి రావలెను, మెయిను ఆపవలెను, 101కి ఫోను చేయవలెను. లిథియం బ్యాటరీ మంట ఆరినట్లు కనబడి మరల రాజుకొనును. ఆ పొగ విషము.

అయితే పెట్రోలు క్షేమమని ఎవరును తలపరాదు. మన ఊళ్లలో చిల్లర దుకాణపు అరుగుపై ప్లాస్టికు సీసాలలో పెట్రోలు వ్రేలాడుట చూచుచునే యున్నాము. దాని ప్రక్కనే బీడీ ముట్టింతురు. అలవాటైన అపాయము అపాయముగ తోచదు, అంతే భేదము.

నిత్యపు వాడుక

కరెంటు బండి యజమాని బంకు దారి మరచును. మీటరు దారి నేర్చును. రాత్రి పది గంటల పిదప ప్లగ్గు పెట్టి ఉదయమున తీయుట అలవాటగును. ప్రతిదినము నిండుగ నింపవలెనా, నూటికి ఎనుబది వద్ద ఆపవలెనా యనునది బ్యాటరీ రకమును బట్టి యుండును. బండితో వచ్చిన పుస్తకములోని మాటయే ప్రమాణము. బొత్తిగా అడుగంటువరకు వాడుట మాత్రము ఏ బ్యాటరీకిని మంచిది కాదు.

ఇంజను ఆయిలు లేదు, క్లచ్చి లేదు, పొగగొట్టము లేదు. బ్రేకులు ఎక్కువ కాలము మన్నును. బండి బరువైనది గనుక టైర్లు మాత్రము త్వరగా అరుగవచ్చును. దీపములకు, తాళములకు కరెంటిచ్చు 12 వోల్టుల చిన్న బ్యాటరీ యొకటి వేరుగ నుండును. దానిని మరచినవారు పెద్ద బ్యాటరీ నిండుగ నున్నను బండి కదలక నిలిచిపోవుదురు. పెద్ద బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్ల వరకు హామీ ఇచ్చుట వాడుకలో నున్నది. బాడుగ బండికి ఆ హామీ అట్లే వర్తించునా, లేదా యని కాగితముపై చదివి సంతకము చేయవలెను.

ఊరి మెకానిక్కు విషయము కూడ తలపవలెను. నేడు పెట్రోలు బండ్లు బాగుచేయు యువకుని చేతిపనికి ఈ మార్పు దెబ్బ. బ్యాటరీ పెట్టెలో నాలుగు వందల వోల్టులకు సమీపమైన కరెంటుండును. శిక్షణ లేక దానిని విప్పుట మృత్యువును విప్పుటయే. మండల కేంద్రములోని ఐ.టి.ఐ.లో ఇట్టి శిక్షణ యున్నదేమో విచారించి, ఒకరిద్దరు యువకులను పంపుట పంచాయతీ చేయదగిన మేలు.

ట్రాన్స్‌ఫార్మరు అందరిది

ఒక వీధికి 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరున్నదనుకొందము. సాయంకాలము ఏడు గంటలకు దీపములు, ఫ్యానులు, టి.వి.లు అన్నియు నడచుచుండును. అదే వేళ పది కార్లు ఒక్కొక్కటి 3 కిలోవాట్ల చొప్పున లాగిన 30 కిలోవాట్లగును. ట్రాన్స్‌ఫార్మరు మొత్తము శక్తికంటె అదే యధికము. పదిమంది కార్ల చార్జింగుకై వీధిలోని అరువది ఇండ్లు చీకటిలో కూర్చుండవలసివచ్చును. వారిలో బండి లేనివారే యెక్కువ. బీదవాని ఫ్యాను ఆపి కలవాని కారు నడుపుట న్యాయము కాదు.

దీనికి నివారణ కష్టము కాదు. రాత్రి పది దాటిన పిదప, లేక పగలు సూర్యుని కరెంటు విరివిగ నున్నవేళ చార్జింగు పెట్టిన, అదే ట్రాన్స్‌ఫార్మరు పెక్కు బండ్లను మోయగలదు. వార్డులో ఎన్ని కరెంటు బండ్లున్నవో పంచాయతీ ఒక పట్టిక వ్రాసి, ఆరు నెలలకొకసారి విద్యుత్ కార్యాలయమునకు పంపినచో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు అడుగుటకు ఆధారము దొరకును. కాలిన పిమ్మట అర్జీ పెట్టుట కంటె ఇది మేలు.

బాటప్రక్క గ్రామములు చార్జింగు స్టేషనుకు స్థలమిచ్చి ఆదాయము పొందు వీలు కూడ కలదు. ప్రభుత్వ స్థలమును ఇచ్చినపుడు అమ్మిన యూనిటుకు 1 రూపాయి చొప్పున పంచుకొను పద్ధతిని 2022 మార్గదర్శకములు సూచించినవి. స్థలము పంచాయతీదిగనే యుండవలెను. గడువు, దీపము, నీడ, మరుగుదొడ్డి బాధ్యతలు ఒప్పందములో వ్రాయవలెను.

సూర్యుడు, బొగ్గు, బ్యాటరీ

“కరెంటు బొగ్గుతో పుట్టును గదా, ఇక లాభమేమి?” అని విద్యావంతులగు సభ్యులు అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. నేటికిని మన దేశపు కరెంటులో అధికభాగము బొగ్గుదే. అయినను మోటారు శక్తిని వ్యర్థము చేయదు. బడి ముందట, ఆసుపత్రి ముందట పొగ విడువదు. కరెంటులో సూర్యుని పాలు పెరిగినకొలది అదే బండి ఇంకను శుభ్రమగును. పెట్రోలు బండికి ఆ గతి లేదు.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ‘పి.ఎం. సూర్యఘర్’ పథకము క్రింద ఇంటికప్పుపై 1 కిలోవాటు పలకలకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు మొదలు పైవాటికి 78,000 రూపాయల కేంద్ర సహాయము ఏర్పరచిరి. మన ఎండకు 3 కిలోవాట్ల పలకలు దినమునకు సుమారు 12 యూనిట్లు పుట్టించును. ముందు మనము లెక్కించిన 60 కిలోమీటర్లకు కావలసినది 10 యూనిట్లు. ఇంటికప్పు కారును నడుపగలదనుట అతిశయోక్తి కాదు.

దేశపు దృష్టితో చూచిన, మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నాము. ఊరి దృష్టితో చూతము. ఒక ఊరిలో 200 మోటారు సైకిళ్లు నెలకు 15 లీటర్ల చొప్పున త్రాగిన, లీటరు 108 రూపాయల వంతున సంవత్సరమునకు 38,88,000 రూపాయలు ఊరు దాటును. మీ ఊరి లెక్క వేసి, దానిని మీ పంచాయతీ సొంత ఆదాయముతో పోల్చి చూడుడు.

అట్లని కరెంటు బండి పరాధీనతను పూర్తిగా తీర్చునని చెప్పజాలము. లిథియం మొదలగు ఖనిజములు, బ్యాటరీ గదులు నేటికి అధికముగ బయటి దేశములనుండియే వచ్చుచున్నవి. పాత బ్యాటరీ కూడ ఒక సమస్యయే. 2022 బ్యాటరీ వ్యర్థముల నియమములు వాటిని తిరిగి సేకరించు బాధ్యతను తయారుచేయువారిపై ఉంచినవి. పాత ఇనుము కొనువానికి దానిని అమ్మరాదు, చెరువుకట్టపై పారవేయరాదు. ఊరి చెత్తను వేరుచేయు షెడ్డులో పొడిగ, వేరుగ నుంచు స్థలమొకటి కేటాయించుట మంచిది.

మా సమాధానము

ఆ సభ్యురాలికి మేమిట్లు చెప్పితిమి: “అమ్మా, మీ మరిదిని వద్దనకుడు, కానిమ్మనకుడు, నాలుగు ప్రశ్నలడుగుడు. దినమునకు ఎన్ని కిలోమీటర్లు త్రిప్పును? రాత్రి బండి నిలుచు చోట మీటరు, మంచి ఎర్తు కలవా? అప్పు వాయిదా నెలసరి ఆదాకు లోబడి యున్నదా? బాగుచేయు చోటు ఎంత దూరములో నున్నది? నాలుగింటికి మంచి జవాబు వచ్చిన కొనుమనుడు. ఒక్కటి చెడినను, దానిని సరిచేసి కొనుమనుడు.” ఆమె కొంతసేపు ఊరకుండి, “ఎర్తు గుంత మా ఇంటికి లేదండి, ముందది త్రవ్వింతును” అనినది. కారు మాట తరువాత. ఆ ఇంటిలో ఆరుగురు నివసించుచున్నారు. ఆ గుంత వారందరికి రక్ష.

పెట్రోలునుండి కరెంటుకు మరలు బాట షోరూములో మొదలుకాదు. మన గోడకున్న మీటరు వద్ద, దాని క్రిందనున్న ఎర్తు గుంత వద్ద మొదలగును. బండి కొనుట గృహస్థుని ఇష్టము. కొన్నవాడు క్షేమముగ వాడునట్లు, కొననివాడు నష్టపోకుండునట్లు ఊరిని సిద్ధపరచుట పంచాయతీ ధర్మము.

చర్చకు ప్రశ్నలు

1. మీ వార్డులో కరెంటు స్కూటర్లు, ఆటోలు, కార్లు ఎన్ని? అవి రాత్రి ఎచట చార్జింగు పొందుచున్నవి?

2. పంచాయతీ కార్యాలయము, బడి, అంగన్‌వాడీ భవనములకు ఎర్తు పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగినది?

3. మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని కె.వి.ఎ.లది? దానిపై ఎన్ని ఇండ్లు ఆధారపడియున్నవి?

4. చెత్త సేకరించు బండి దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుచున్నది? పై లెక్క ప్రకారము దానిని కరెంటు బండిగ మార్చిన లాభమా, నష్టమా?

5. వ్యవసాయపు కనెక్షనునుండి, వీధిదీపపు తీగనుండి చార్జింగు జరుగకుండ గ్రామసభలో ఏమి తీర్మానము చేయుదురు?